పుస్తకం అచ్చయింది, పాఠకులు ఎక్కడ?

ప్రశ్న: నేను చీరాల ప్రాంతానికి చెందిన కథా రచయిత్రిని. చేనేత కుటుంబాల జీవితం గురించి చాలా ఏళ్ళుగా ఆదివారం అనుబంధాల్లోనూ మాసపత్రికల్లోనూ కథలు రాస్తున్నాను. ఈ మధ్యనే వాటిని సంపుటిగా, సొంత ఖర్చుతో ఐదు వందల ప్రతులు వేయించాను. ఆవిష్కరణ ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెడితే రెండు వందల మందికి పైగా అభినందించారు గానీ, పుస్తకం కావాలని అడిగినవారు పదిమంది కూడా లేరు. ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, ఎక్స్, అన్నిట్లోనూ ఉండాలని మా అబ్బాయి అంటున్నాడు. నెలకు కొంత మొత్తం ఇస్తే అన్నీ తామే చూసుకుంటామని ఒక ప్రచార సంస్థవారు పదేపదే ఫోన్ చేస్తున్నారు. నా గురించి నేను చెప్పుకోవడం నాకు చేతకాదు, ఇష్టమూ లేదు. రచయితకు ఇదంతా నిజంగా అవసరమా? అవసరమైతే ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం: మీ ఉత్తరం శ్రద్ధగా చదివాను. అభినందనల సంఖ్యకూ అమ్ముడుపోయిన ప్రతుల సంఖ్యకూ మధ్య ఉన్న తేడాను చూసి, మీ కథలకు పాఠకులు లేరన్న నిర్ణయానికి మాత్రం దయచేసి రావద్దు. అభినందించినవారిలో ఎక్కువమంది మీ బంధువులు, సహోద్యోగులు, తోటి రచయితలు అయి ఉంటారు. సభకు వచ్చి శాలువా కప్పి, ఫొటో దిగి వెళ్ళడం ఎలాంటి మర్యాదో, పోస్టు కింద రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టడం కూడా అలాంటి మర్యాదే. అందులో ఆప్యాయత ఉంటుంది. పుస్తకం చదవాలన్న కోరిక కూడా ఉండి తీరాలని లేదు. పైగా ఆవిష్కరణ పోస్టుల్లో సాధారణంగా ఏముంటుంది? వేదిక మీద వరుసగా నిలబడి పుస్తకాన్ని పట్టుకున్న అతిథులు, వారి పేర్లు, హోదాలు, చివరన ఆదరించగలరని ఒక విన్నపం. కరీంనగర్‌లోనో డాలస్‌లోనో ఉంటూ, మిమ్మల్ని ఎన్నడూ ఎరుగని పాఠకుడికి ఈ కథలు ఎవరి గురించి, ఈమె ఎలా రాస్తుంది, పుస్తకం వెల ఎంత, ఎక్కడ దొరుకుతుంది అన్నవాటిలో ఒక్కదానికీ అక్కడ జవాబు దొరకదు.

అవసరమా అని అడిగారు. పదేళ్ళ క్రితం అడిగి ఉంటే, మంచి పత్రికలో మంచి కథ వస్తే చాలునని చెప్పి ఉండేవాణ్ణి. ఇప్పుడు అలా చెప్పలేను. కరోనా వచ్చిన తరువాత నవ్య, విపుల, చతుర వంటి పత్రికలు ఆగిపోయాయి. మిగిలిన అనుబంధాల్లో కథకు దక్కే చోటు తగ్గింది. జిల్లా కేంద్రాల్లో సైతం తెలుగు కథల పుస్తకం అడిగితే తీసి ఇచ్చే దుకాణాలు అరుదైపోయాయి. కథను ఇష్టపడే పాఠకుడు మాయమైపోలేదు గానీ, అతడికి కొత్త పుస్తకం ఒకటి వచ్చిందని తెలియజేసే దారులు చాలా వరకు ఫోనులోకి మారాయి. అందువల్ల అవసరమే. అయితే మీరు భయపడుతున్న రూపంలో కాదు.

మీ గురించి మీరు చెప్పుకోనక్కరలేదు. మీ కథలు ఏ లోకం నుంచి వచ్చాయో ఆ లోకం గురించి చెప్పండి. రచయిత ఉనికి అన్న మాటకు నేను చెప్పుకునే అర్థం ఒక్కటే: ముక్కూముఖం తెలియని మనిషి మీ పేరు చూసి, ఈమె రాస్తే ఇలాంటి చూపు ఉంటుంది, ఆగి చదవాలి అనుకోవడం. ఆ గుర్తింపు పురస్కారాల జాబితాతోనో, సన్మానాల ఫొటోలతోనో రాదు. మీరు ఏం చూస్తారో, దాన్ని ఎలా చూస్తారో కొద్దికొద్దిగా, ఎక్కువ కాలం చూపించడం వల్ల వస్తుంది.

ఉదాహరణకు ఈ వర్షాకాలంలో మీరు ఇలా రాయవచ్చు:

"నాలుగు రోజులు ముసురు పట్టిందంటే మా వీధిలో మగ్గాల చప్పుడు ఆగిపోతుంది. మగ్గం కింద కాళ్ళుంచే గుంతలో నీరు ఊరుతుంది. చెమ్మకు నిలువు దారాలైన పడుగు పోగులు ఒకదానికొకటి అంటుకుంటాయి. నేసిన చీరకే మజూరీ కాబట్టి నేయని రోజు ఎవరి లెక్కలోకీ రాదు. కిరాణా కొట్టాయన మాత్రం ఆ నాలుగు రోజుల లెక్కా రాసుకుంటూనే ఉంటాడు."

ఇందులో మీ పుస్తకం ప్రస్తావన లేదు. చివర ఒక్క వాక్యం చేర్చండి: నా సంపుటిలోని ఫలానా కథ ఇలాంటి ముసురులోనే జరుగుతుంది అని. అంతే. మగ్గం అంటే తెలియని పాఠకుడికి గుంతలో నీరు ఊరడం ఒక కొత్త సంగతి. తెలిసినవాడికి తన ఇంటి సంగతి. ఇద్దరూ మీ కథ వైపు ఒక అడుగు వేస్తారు. ఇలాంటివి మీ దగ్గర ఎన్ని ఉండి ఉంటాయో ఆలోచించండి. తెల్లవారుజామున వీధి పొడవునా పడుగు చాచి గంజి పెట్టడం, నూలు కండెలు చుట్టే ముసలమ్మల కబుర్లు, నూలు ఇచ్చి నేయించుకునే మాస్టర్ వీవర్ దగ్గర ముందుగా తీసుకున్న బయానా సొమ్ము తీరక మగ్గం మారలేని కుటుంబం, నేత వదిలి హైదరాబాదులో వాచ్‌మన్‌గా చేరిన నేతగాడు. ఒక్కొక్కటి ఒక్కొక్క వారం. 1905 నాటి స్వదేశీ ఉద్యమం జ్ఞాపకార్థం ఆగస్టు 7ను 2015 నుంచి జాతీయ చేనేత దినోత్సవంగా జరుపుతున్నారు; ఆ రోజు అందరూ చీరల ఫొటోలు పెడతారు గనుక, నేసిన చేతుల గురించి మీరు రాసే నాలుగు మాటలకు మామూలు రోజులకంటే ఎక్కువమంది ఆగుతారు. మనుషుల ఫొటోలు పెట్టదలిస్తే మాత్రం వారి అనుమతి అడిగి పెట్టండి. మీ కథలకు ముడిసరుకు ఇచ్చిన వీధి అది, రేపు కూడా మీరు ఆ వీధిలోనే తిరగాలి.

రాసేటప్పుడు గుర్తుంచుకోవలసిన సాంకేతిక విషయం ఒకటుంది. ఫేస్‌బుక్‌లో పొడవైన పోస్టు మొదటి కొన్ని పంక్తులే కనిపిస్తాయి, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. మిత్రులందరికీ నమస్కారం, ఈ సందర్భంగా మీతో ఒక విషయం పంచుకోవాలని అనుకుంటున్నాను అంటూ మొదలుపెడితే ఆ విలువైన పంక్తులు వృథా అయిపోతాయి. కథ ఎత్తుగడ మీద మీరు పెట్టే శ్రద్ధలో కొంత ఇక్కడా పెట్టండి. అలాగే మీ పోస్టులు మిత్రులకు మాత్రమే కనిపించేలా ఉన్నాయేమో ఒకసారి చూసుకోండి. చాలామంది రచయితలు ఆ సంగతి గమనించక, ఎప్పుడూ ఆ కొద్దిమంది ముందే మాట్లాడుతుంటారు. వ్యక్తిగత ఖాతాలో మిత్రుల సంఖ్యకు ఐదు వేల పరిమితి ఉంది కానీ, అనుసరించేవారికి అలాంటి పరిమితి లేదు. కాబట్టి ప్రత్యేకంగా పేజీ తెరవవలసిన తొందర లేదు. ఉన్న ఖాతానే అందరికీ తెరిచి, ఇంటి విషయాలను, పిల్లల ఫొటోలను మిత్రులకే పరిమితం చేసుకోండి.

ఇక ఎక్కడెక్కడ ఉండాలన్న ప్రశ్న. అన్నిచోట్లా ఉండబోయే రచయిత చివరికి రాయడం మానేస్తాడు. తెలుగు కథలు చదివే, పుస్తకాలు కొనే పాఠకుల్లో నడివయసు దాటినవారు ఎక్కువగా ఫేస్‌బుక్‌లోనే ఉన్నారు గనుక మీ ఇల్లు అక్కడే ఉండనివ్వండి. రెండోది ఒక్కటి ఎంచుకోమంటే, చదివి వినిపించడాన్ని ఎంచుకోమంటాను. మీ అబ్బాయి ఉత్సాహం ఇక్కడ పనికొస్తుంది. మీ ముఖం చూపించడం ఇబ్బందిగా ఉంటే ఫోను కెమెరాను ఆడుతున్న మగ్గం మీద ఉంచి, కథలోని ఒక పేరాను మీ గొంతుతో, మీ ఊరి యాసతో ఒక నిమిషం లోపు చదవండి. నిలువుగా తీసిన ఆ ఒక్క వీడియో ఇన్‌స్టాగ్రామ్ రీల్‌గానూ, యూట్యూబ్ షార్ట్‌గానూ, ఫేస్‌బుక్‌లోనూ సరిపోతుంది, మూడుసార్లు శ్రమపడనక్కరలేదు. వెనుక సినిమా పాట మాత్రం పెట్టవద్దు. హక్కుల సమస్య వస్తుంది, అంతకంటే ముఖ్యంగా మగ్గం చప్పుడు వినపడకుండా పోతుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో వీడియో కింద రాసే వివరణలో లంకె నొక్కితే తెరుచుకోదు కాబట్టి పుస్తకం దొరికే చోటును ఖాతా పరిచయంలో ఉంచాలి. వీలైతే ఒక కథను పూర్తిగా చదివి యూట్యూబ్‌లో ఉంచండి. అమెరికా, ఆస్ట్రేలియా వంటి దేశాల్లో పెరిగిన తెలుగు పిల్లల్లో తెలుగు వింటే అర్థమై, చదవడం రానివారు చాలామంది ఉన్నారు. చెన్నై, బెంగళూరు, ముంబయి తెలుగు కుటుంబాల్లోనూ ఇదే పరిస్థితి. వారికి మీ కథ చేరే దారి వినడం ఒక్కటే.

ఎక్స్ గురించి ప్రస్తుతం ఆలోచించవద్దు. అక్కడి తెలుగు చర్చలో ఎక్కువ భాగం సినిమాలు, రాజకీయాలు. వాట్సాప్ విషయంలో, ఎవరినీ అడగకుండా గ్రూపులో చేర్చకండి. అది పాఠకుణ్ణి పోగొట్టుకునే దగ్గరి దారి. 2023లో మన దేశంలో అందుబాటులోకి వచ్చిన వాట్సాప్ చానల్ ఇందుకు మేలు. ఇష్టమైనవారే చేరతారు, ఒకరి ఫోను నంబరు మరొకరికి కనిపించదు.

ఇప్పుడు మన భాషకు ప్రత్యేకమైన చిక్కు గురించి చెప్తాను, ఎందుకంటే చాలామంది రచయితలు ఇక్కడే ఆగిపోతున్నారు. మీ పుస్తకం డీటీపీ, అంటే కంప్యూటర్లో అక్షరాలు కూర్చే పని, బహుశా పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో చేసి ఉంటారు. తెలుగు అచ్చు పనుల్లో ఇప్పటికీ అది మామూలే. ఆ ఫైలులోని పేరాను తీసి ఫేస్‌బుక్‌లో అతికిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయి, ఎందుకంటే ఏ ఫోనులోనైనా, కంప్యూటర్లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించేలా చేసే యూనికోడ్ పద్ధతిని ఆ ఫాంట్లు అనుసరించవు. దాంతో విసిగి చాలామంది పుస్తకం పేజీని ఫొటో తీసి పెట్టేస్తారు. ఫొటోలోని అక్షరాలు ఫోనులో చదవడానికి చిన్నవైపోతాయి. చూపు లేనివారికి తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేరుకు అవి అందవు. రేపు ఎవరైనా మీ పుస్తకం పేరును తెలుగులో వెతికినప్పుడు ఆ పోస్టు దొరకడమూ కష్టమే. డీటీపీ చేసినవారిని యూనికోడ్‌లోకి మార్చిన ప్రతి అడగండి. మార్చే సాధనాలు ఇంటర్నెట్‌లో ఉచితంగానే ఉన్నాయి, కాకపోతే మార్పిడిలో ఒత్తులూ విరామ చిహ్నాలూ తారుమారవుతుంటాయి కాబట్టి మరోసారి ప్రూఫు చూడక తప్పదు. విసుగు పుట్టించే పనే. అయినా ఒక్కసారి చేసి పెట్టుకుంటే మీ కథలు ఇకముందు వెబ్ పత్రికకు పంపాలన్నా, ఈబుక్‌గా తేవాలన్నా, పునర్ముద్రణకు ఇవ్వాలన్నా సిద్ధంగా ఉంటాయి. కొత్తగా రాసేవాటిని మొదటి నుంచే యూనికోడ్‌లో, ఫోనులోని తెలుగు కీబోర్డుతోనో, ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేస్తే తెలుగులోకి మార్చే లేఖిని వంటి ఉపకరణంతోనో రాసుకోండి. పోస్టర్లకు అందమైన అక్షరాలు కావాలంటే మండలి, రామభద్ర, గిడుగు, సూరన్న, ధూర్జటి వంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. పోస్టర్ ఎంత బాగున్నా పుస్తకం పేరు, మీ పేరు, వెల పోస్టులో అక్షరాలుగా కూడా రాయడం మరచిపోవద్దు.

పేరు అన్నాను కాబట్టి ఆ మాట కూడా చెప్పేస్తాను. అట్ట మీద ఇంటిపేరు పొడి అక్షరాలుగా, ఫేస్‌బుక్‌లో భర్త పేరు చేర్చి ఇంగ్లీషు లిపిలో, పత్రికలో కలం పేరుతో ఉంటే మీ కథ నచ్చిన పాఠకుడు మిమ్మల్ని వెతికి పట్టుకోలేడు. అట్ట మీద ఉన్న పేరునే అన్నిచోట్లా, తెలుగులోనూ ఇంగ్లీషు లిపిలోనూ ఒకే విధంగా వాడండి. ఖాతా బొమ్మగా పువ్వునో దేవుణ్ణో కాక మీ ఫొటోను, అది వద్దనుకుంటే పుస్తకం అట్టను ఉంచండి.

కథలను పూర్తిగా పెట్టవచ్చా అన్న సందేహం మీకు ఎలాగూ వస్తుంది. కొత్త కథను పెట్టవద్దు. మన పత్రికలూ పోటీలవారూ అడిగే హామీపత్రంలో ఈ కథ సొంతమనీ, అనువాదం గానీ అనుకరణ గానీ కాదనీ రాయడంతోపాటు, సామాజిక మాధ్యమాల్లో సహా ఎక్కడా ప్రచురితం కాలేదని కూడా రాయమంటున్నారు. ఒక రాత్రి ఉత్సాహంలో ఫేస్‌బుక్‌లో పెట్టిన కథ అన్ని పోటీలకూ దూరమైపోతుంది. ఇప్పటికే అచ్చయిన కథల్లో ఒకటి రెండింటిని, ఆయా పత్రికల నియమాలు చూసుకుని, మొదట ప్రచురించిన పత్రిక పేరు, తేదీ రాసి పూర్తిగా ఇవ్వవచ్చు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మీరు ఎవరికీ రాతపూర్వకంగా బదలాయించకపోతే మీ కథ మీద హక్కు మీదే. పుస్తకం పీడీఎఫ్‌ను మాత్రం ఎంత ఆత్మీయులకైనా పంపకండి. ఒక్క వాట్సాప్ గ్రూపులో పడిందంటే దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు.

మీరు రాసేవాటిలో కనీసం సగం ఇతరుల పుస్తకాల గురించి ఉండాలని నేను కోరుకుంటాను. ఇది ప్రచార కిటుకుగా చెప్పడం లేదు. మంచి పాఠకురాలిగా పేరు తెచ్చుకున్న రచయిత్రి మాటకు విలువ ఉంటుంది. చదివిన కథలో మీకు నచ్చిన చోటు ఏది, ఎందుకు నచ్చింది, ఎక్కడ ఒప్పుకోలేకపోయారు అన్నది నాలుగు పేరాల్లో నిజాయితీగా రాయండి. తెలుగు ఫేస్‌బుక్‌లో రచయితలు ఒకరినొకరు అద్భుతం, అమోఘం అని పొగుడుకునే వలయాలు ఉన్నాయి. అందులోకి వెళితే అభినందనలు పెరుగుతాయి గానీ పాఠకులు పెరగరు, ఎందుకంటే అక్కడున్నవారందరూ తమ తమ పుస్తకాలు అమ్ముకోవడానికి వచ్చినవారే. పుస్తకాల మీద శ్రద్ధగా రాసిన వ్యాసాన్ని పుస్తకం.నెట్ వంటి వెబ్‌సైటుకు పంపితే అది నిలిచి ఉంటుంది. 1998 నుంచి నడుస్తున్న ఈమాట వంటి వెబ్ పత్రికలకు కథలు పంపండి. దేశాల అవతల ఉన్న పాఠకులకు మీ పేరు మొదట తెలిసేది అక్కడే కావచ్చు. తెలుగు వికీపీడియాలో మీ గురించి మీరే వ్యాసం రాసుకోవడం గానీ, ఎవరిచేతనైనా రాయించుకోవడం గానీ చేయవద్దు. అది అక్కడి పద్ధతికి విరుద్ధం, ఎక్కువగా తొలగిస్తారు కూడా.

స్త్రీలు ఎదుర్కొనే ఇబ్బంది గురించి మీరు అడగలేదు, కానీ చెప్పకుండా ఉండలేను. ఖాతాను అందరికీ తెరిచిన తరువాత రాత్రివేళల్లో పలకరింపులు, అనవసరమైన ఫోనులు రావచ్చు. పుస్తకం కోసం మీ సొంత నంబరు ఇవ్వకండి. వేరే సిమ్ తీసుకుని దానిలో వాట్సాప్ బిజినెస్ పెట్టుకోండి. పుస్తకం అట్ట, వెల, వివరాలు అందులోనే చూపించవచ్చు, ఫలానా సమయంలోనే జవాబిస్తామని ముందుగా తెలియజేయవచ్చు. మర్యాద తప్పినవారిని వెంటనే బ్లాక్ చేయండి, వారికి సంజాయిషీ చెప్పుకోవలసిన పని లేదు. కథ మీద విమర్శ వస్తే అది వేరు. ఒకసారి కృతజ్ఞతతో జవాబిచ్చి, ఆపైన కథనే మాట్లాడనివ్వండి. రోజుకొక వివాదం మీద అభిప్రాయం చెప్పి తీరాలన్న ఒత్తిడికి లొంగకండి. చేనేత మజూరీ గురించో, నూలు ధర గురించో మాట్లాడవలసి వచ్చినప్పుడు మాత్రం వెనుకాడవద్దు, ఆ విషయం మీకు తెలుసు. ఖాతాకు రెండంచెల భద్రత, అంటే పాస్‌వర్డుతోపాటు మరో కోడు కూడా అడిగే ఏర్పాటు, పెట్టించుకోవడం మీ అబ్బాయికి అప్పగించండి. రాసినవన్నీ ఉచిత బ్లాగులోనూ దాచుకోండి. నెలల కిందటి ఫేస్‌బుక్ పోస్టును వెతికి పట్టుకోవడం రాసినవారికే కష్టం.

ప్రచార సంస్థకు డబ్బు ఇవ్వవద్దు. వారు పెంచి చూపించే అనుచరుల సంఖ్య పుస్తకాలు కొనదు, మీ గొంతుతో వారు రాయలేరు. ఆ సొమ్ముతో మంచి పాఠకులనిపించుకున్న కొందరికి, సమీక్ష రాయాలన్న షరతు ఏమీ లేకుండా, పుస్తకాలు పంపండి. కొనదలచినవారి కోసం ఖాతా పైభాగంలో ఎప్పటికీ నిలిచే ఒక పోస్టు పెట్టి, అందులో కథల గురించి రెండు వాక్యాలు, వెల, తపాలా ఖర్చు, యూపీఐ వివరం, దొరికే దుకాణాల పేర్లు రాయండి. హైదరాబాదులో కాచిగూడలోని నవోదయ బుక్‌హౌస్ వంటి చోట్ల మీ పుస్తకాన్ని ఉంచగలరేమో కనుక్కోండి. పుస్తకాలను తక్కువ ఖర్చుతో పంపే రిజిస్టర్డ్ బుక్‌పోస్టు 2024 డిసెంబరులో ఆగిపోయింది గానీ, 2025 మేలో తపాలా శాఖ పుస్తకాల కోసం జ్ఞాన్ పోస్ట్ అనే సేవను ప్రారంభించింది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, పన్నులు అదనం. మీ సంపుటి దాని పరిధిలోకి వస్తుందో లేదో చీరాల పోస్టాఫీసులో ఒక ప్రతి చూపించి అడగండి. డిసెంబరులో హైదరాబాదులోనూ, జనవరిలో విజయవాడలోనూ జరిగే పుస్తక ప్రదర్శనల్లో తెలిసిన ప్రచురణకర్తల స్టాలులో కొన్ని ప్రతులు ఉంచమని ఇప్పటి నుంచే మాట్లాడుకోండి. ఏ స్టాలులో, ఏ రోజు సాయంత్రం మీరు ఉంటారో వారం ముందుగా ఫేస్‌బుక్‌లో రాయండి.